సుభద్రమ్మ గారి మూడో వాక్యం

ఆచార్య సుభద్రమ్మ గారు మొన్న మంగళవారం ఉదయం పురసవాక్కంలోని స్వగృహంలో పరమపదించారు. ఆమెతో చెప్పుకోవలసిన నిజమొకటి ఏడేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

సమాజశాస్త్రం ఎం.ఏ. తరగతిలో తొలినాడే ఆమె నల్లబల్ల మీద మూడు వాక్యాలు రాసేవారు. సిద్ధాంతం తెలియాలి. జనం మధ్య కూర్చుని వినడం తెలియాలి. వాళ్లను గురించి రాసింది వాళ్లకే చదివి వినిపించే ధైర్యం రావాలి. "ఆ మూడోది రాకపోతే ఈ రెండేళ్లలో మీరు నేర్చింది చాడీలు మోయడమే" అనేవారు.

బంగారు పతకం తనదేనని విర్రవీగిన మా సహాధ్యాయి ఒకడు బైండు చేయించి మరీ పరిశోధన వ్యాసం తెచ్చాడు. విప్పి చూడకుండానే తిరిగి చేతిలో పెట్టి, "ముందు వాళ్లకు చదివి రా నాయనా" అన్నారు. ఆమెను లోలోపల తిట్టుకోనివాడు మాలో లేడు.

నా వ్యాసం చింతాద్రిపేటలో, కూవం నది ఒడ్డున బతికే తెలుగు కూలివాళ్ల మీద. వాళ్లలో ఒకరైన మునెమ్మ ఇంట్లో చాప మీద కూర్చుని నెలల తరబడి రాసుకున్నాను. ఆమె భర్త తాగి చచ్చిపోయాడని ఇరుగుపొరుగు చెబితే అదీ రాశాను. ఆమె ఎదుట అది చదవడానికి నోరు రాలేదు. సుభద్రమ్మ గారితో మాత్రం "చదివాను మేడమ్" అని అబద్ధమాడాను. ఆమె నా ముఖంలోకి చూసి వ్యాసం తీసుకున్నారు. వారం తర్వాత సంతకం చేశారు. ఆ పట్టాతోనే నేను అధ్యాపకుణ్ణయ్యాను.

దహనసంస్కారం ముగిసిన మర్నాడు ఆ వ్యాసం పట్టుకుని మునెమ్మ దగ్గరికి వెళ్లి చదవడం మొదలుపెట్టాను. భర్త ప్రస్తావన రాగానే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"తాగి పోలేదుపా. మురుగు కాలవలో దిగినాడు. గ్యాసు కొట్టి ఆడనే పోయినాడు. తాగి పడినాడని కంట్రాక్టరు రాయించినాడు. నువ్వూ అదే రాసినావా?"

"రాశాను" అన్నాను.

"మీ టీచరమ్మ అప్పట్లో ఈడికి వచ్చిండె. ఆ పిలకాయ చదివి వినిపించినాడా అని అడిగె. నీ చదువు చెడిపోతాదని, చదివినాడమ్మా అని చెప్పేస్తిని."

అంటే నన్ను నమ్మలేక అంతదూరం వెళ్లిన మనిషి, మునెమ్మ మాట మీద సంతకం చేశారు. తన భర్తకు అపకీర్తి అంటగట్టిన నన్ను, ఏం రాశానో తెలియకుండానే, ఆ ఇల్లాలు కాపాడింది. అక్కడే కూర్చుని ఆ వాక్యం కొట్టేసి, ఆమె చెప్పింది రాసి, మళ్లీ వినిపించాను. దాని మీద సంతకం చేయవలసిన సుభద్రమ్మ గారి చేయి బూడిదైపోయింది. అలాంటి గురువు మాకు మళ్లీ దొరకరు.

చదివాను మేడమ్. ఈసారి నిజంగానే చదివాను.