శారద మేడం చెప్పని జవాబు

తార్నాకలో మా ఇంటి కింద కొత్తగా గేమింగ్ సెంటర్ పెట్టారు. దాని తలుపు తెరిచినప్పుడల్లా ఫ్యాన్ల హోరుతో పాటు వేడెక్కిన కంప్యూటర్ల వాసన మెట్ల మీదికి వస్తుంది. ఆ వాసనకు నాకు శారద మేడం గుర్తొస్తారు. యూనివర్సిటీలో నా పరిశోధనకు ఆమే గైడ్. నంద్యాల వైపు మనిషి. కట్టడాలు ఎంత బరువును, ఎంత కుదుపును తట్టుకుంటాయో కంప్యూటర్ మీద లెక్క కట్టడం ఆమె పని.

ఆ లెక్కలు వేగంగా సాగాలంటే కంప్యూటర్లలో గ్రాఫిక్స్ కార్డులు కావాలి. ఇలాంటి పనులకే చేసిన ఖరీదైన వర్క్‌స్టేషన్ కార్డు ఒక్కటి కొనే బదులు, అదే డబ్బుతో ఆటలకు వాడే గేమింగ్ కార్డులు చాలా కొందామన్నాను. "గవి కూడా మస్తు ఫాస్టుంటయి మేడం."

"ఆటలో ఒక చుక్క రంగు మారితే ఎవరికీ నష్టం లేదు. మన లెక్కలో ఒక అంకె మారితే?" అన్నారామె. పెద్ద కార్డు తన మెమరీలో దొర్లిన తప్పును చాలావరకు తానే పట్టి దిద్దుకుంటుందని, గేమింగ్ కార్డుల్లో ఆ ఏర్పాటు అంతగా ఉండదని చెప్పారు. అయినా ఎక్కువమంది విద్యార్థులు కూర్చుని నేర్చుకోవచ్చని గేమింగ్ కార్డులకే ఒప్పుకున్నారు.

ఆ ఏడు ఒక పాత ఆనకట్ట పని మాకు వచ్చింది. వానలకు దాన్ని పూర్తిగా నింపవచ్చో లేదో చెప్పాలి. మా గేమింగ్ కార్డుల మీద మొదటిసారి నింపవచ్చని వచ్చింది. మేడం మళ్లీ చేయమన్నారు. ఈసారి గోడలో ఒకచోట ఒత్తిడి హద్దు దాటింది. మేం ఇచ్చిన అంకెలు అవే, ప్రోగ్రామూ అదే. మర్నాడే నీటిపారుదల శాఖ అధికారులతో సమావేశం.

"ఏది చూపిద్దాం మేడం?"

"తెలీనిది ఎట్ల చూపిస్తామ్మా?"

సమావేశంలో ఆమె లేచి, "ఈ రోజుకు మా దగ్గర జవాబు లేదండి" అన్నారు. ఒక అధికారి ముఖం ఎర్రబడింది. "ఇన్నాళ్లు ఏం చేసిండ్రు మరి? కింద రైతులు నీళ్ల కోసం చూస్తున్నరు."

"వాళ్ల ఇండ్లు కూడా కిందనే ఉండాయి సార్" అని మేడం కూర్చున్నారు.

ఆ సాయంత్రం హార్డ్‌డిస్కు చేతిసంచిలో వేసుకుని, క్యాంపస్ నుంచి తార్నాకలో ఆమె స్నేహితురాలు పనిచేసే పరిశోధన సంస్థకు నడిచాం. అక్కడ వర్క్‌స్టేషన్ కార్డు ఉంది. కొన్నాళ్ల తర్వాత ఫలితం వచ్చింది. మళ్లీ చేసినా అదే. ఆనకట్ట నింపవచ్చు.

"మొదటి జవాబే కదా మేడం. ఉత్తగనే మాట పడ్డరు" అన్నాను, బయట టీ తాగుతూ.

"అది సరైందని ఆ పొద్దు మనకు తెలీదు కదమ్మా" అన్నారు.

ఆ తర్వాత చాలాకాలం ఆ శాఖ నుంచి మాకు పని రాలేదు. మేడం ఆ ఊసే ఎత్తలేదు. గేమింగ్ కార్డుల దగ్గర కూర్చుని పిల్లలకు ఎప్పటిలాగే పాఠం చెప్పేవారు. ఇప్పుడామె లేరు.

పోయిన నెల మా ఆఫీసులో ఒక వంతెన స్తంభం బరువును తట్టుకుంటుందా అని అందరూ నా వైపు చూశారు. "ఇంకా తెలీదు సార్" అన్నాను. ఎవరు ఎంత అడిగినా మాట వెనక్కి తీసుకోలేదు.