లావెండర్ పొట్లం

లావెండర్ వాసనకి నిద్ర బాగా పడుతుందట. మా అమ్మాయి తెచ్చిన లావెండర్ సబ్బు విప్పితే చాలు, నాకు కాలు ఒకచోట నిలవదు.

తొంభైల్లో దోహాలో ఉండేవాళ్ళం. నాకు ఏడేళ్ళు. ఒక శుక్రవారం నాన్న మమ్మల్ని అల్ ఘర్రాఫాలో ఒక దొరసాని ఇంటికి తీసుకెళ్ళాడు. ఆవిడ ఇంట్లో సామానంతా గ్యారేజీలో పరిచి అమ్మేస్తోంది.

"ఎందుకు నాన్నా?"

"వీసా రద్దుచేసి ఎగ్జిట్ కొట్టారమ్మా. వాళ్ళ దేశం వెళ్ళిపోవాలి."

మా బిల్డింగ్‌లో ఎగ్జిట్ కొట్టింది దొంగతనం చేసినతనికే. ఈవిడా ఏదో దొంగిలించి ఉంటుందనుకున్నాను.

మేం కొన్న సొరుగుల బల్లలో ఎండుపూల పొట్లం ఒకటి కనిపించింది. మా బట్టలకి ఎప్పుడూ కలరా ఉండల వాసనే. పొట్లాన్ని గౌను జేబులో దాచేశాను. కొన్నది బల్లనే కదా, పొట్లాన్ని కాదు. ఆ తర్వాత ఎవరు తలుపు కొట్టినా మంచం కింద దూరేదాన్ని.

నాలుగు నెలలకి నాన్న డ్యూటీ నుంచి మధ్యాహ్నమే వచ్చేసి, "మనకీ ఎగ్జిట్ కొట్టారు" అన్నాడు అమ్మతో.

పొట్లం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "ఇది తిరిగి ఇచ్చేద్దాం నాన్నా. మనల్ని పంపించరు."

ఆయన చాలాసేపు దాన్ని వాసన చూశాడు. "ఇది మనదేనమ్మా" అన్నాడు. నన్ను కాపాడటానికి అబద్ధమాడుతున్నాడనుకున్నాను.

నాన్న పనిచేసే కంపెనీ మూతపడిందని పెద్దయ్యాక తెలిసింది. అప్పటిదాకా మా ఇల్లు ఖాళీ చేయించింది నేనే.