పావుగంట ముందు కొట్టిన గంట

కరోనా తగ్గి కాలేజీలు మళ్లీ గాడిన పడిన ఏడాది, జూలై నెలలో, నన్ను పుంగనూరు నుంచి మదనపల్లెలో ఒక డిగ్రీ కాలేజీకి బదిలీ చేశారు. కాగితం మీద నా ఉద్యోగం ఆఫీస్ సబార్డినేట్. లెక్చరర్లు అటెండరు అనేవాళ్లు, పిల్లలు అవ్వా అనేవాళ్లు. నేను చదివింది అయిదో తరగతి. నా భర్త చనిపోయాక కారుణ్య నియామకం కింద ఇచ్చిన ఉద్యోగం అది. అప్పటికి ఇరవై ఆరేళ్ల సర్వీసు అయింది, రిటైర్ కావడానికి ఇంకో మూడేళ్లు ఉంది.

హాజరు రిజిస్టర్లు క్లాసులకు చేర్చడం, నోటీసు బోర్డు తాళం, గంట కొట్టడం నా పనులు. గంట అంటే వరండాలో వేలాడే రైలు పట్టా ముక్క. కరెంటు బెల్లు కూడా ఉండేది కానీ, కరెంటు ఉన్నప్పుడే అది మోగేది. గంటను ఆపకుండా కొడితే దాన్ని లాంగ్ బెల్ అంటారు. ఆ రోజుకు కాలేజీ ముగిసిందని దాని అర్థం. అందుకే విద్యార్థి సంఘాలు బంద్‌కు పిలుపు ఇచ్చినప్పుడు పిల్లలు ముందు వచ్చేది ప్రిన్సిపాల్ దగ్గరికి కాదు, అటెండరు దగ్గరికి.

ఆ ఏడాది ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైంది. పేదపిల్లల ఫీజును ప్రభుత్వమే కట్టడాన్ని అలా అంటారు. అది రావాలంటే డెబ్బై అయిదు శాతం హాజరు ఉండాలి. అంతకన్నా కొంచెం తగ్గితే డాక్టరు సర్టిఫికెట్ పెట్టి, జరిమానా కట్టి పరీక్ష రాయవచ్చు గానీ, ఫీజు మాత్రం రాదు. మా కాలేజీలో మొదటి గంటలో తీసిన హాజరే ఆ రోజు హాజరు. పనిదినాలు తక్కువ పడకూడదని ప్రిన్సిపాల్ గారు బంద్ రోజును కూడా పనిదినంగానే చూపేవారు. హాజరు తీయకముందే లాంగ్ బెల్ మోగితే ఆ రోజు అందరూ ఆబ్సెంటే.

సెమిస్టరు ఇంకో పది రోజుల్లో ముగుస్తుందనగా హాజరు తక్కువైన వాళ్ల జాబితాను బోర్డుకు అంటించాను. ఒక పిల్ల దాని ముందు నిలబడి కదల్లేదు. బీకాం రెండో ఏడాది, పేరు రెడ్డిరాణి. ఊరు రామసముద్రం దగ్గర పల్లె.

“యామ్మా, ఎంతసేపు సూస్తావు? సూస్తే పెరుగుతుందా అది?” అన్నాను.

“ఇంకొక్క దినం పోయినా డెబ్బై అయిదు నిండదంట అవ్వా. మాయమ్మకు కుప్పం ఆస్పత్రిలో ఆపరేషన్ అయింటే మూడు వారాలు ఆడనే ఉండాను. ఫీజు రాకపోతే ఇంగ మానుకోవాల్సిందే. కట్టేవాళ్లు ఎవరుండారు?”

మిగిలిన దినాలు ఒక్కటి కూడా తప్పొద్దని కసిరి పంపించాను. జాబితాలో ఆ పిల్ల పేరు పక్కన హాస్టల్ అని రాసి ఉంది. హాస్టల్ మా కాలేజీ వెనకే. రోజూ రావడానికి ఇంకేం కష్టమని అనుకున్నాను.

రెండు రోజులు పోయాక సాయంత్రం బాషా వచ్చాడు. మూడో ఏడాది చదివేవాడు, పుంగనూరు వాడు, విద్యార్థి సంఘం నాయకుడు. మా కాలేజీలో ఎన్నికలు లేవు. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లను ప్రిన్సిపాల్ గారే క్లాస్ రిప్రజెంటేటివ్‌గా పెట్టేవారు. కాలేజీ దృష్టిలో బాషాకు ఏ హోదా లేదు. అయినా పిల్లలు కష్టం వస్తే చెప్పుకునేది అతనికే. ఫీజు బకాయిల మీద రేపు బంద్ అనీ, పది కొట్టగానే లాంగ్ బెల్ కొట్టమనీ అడిగాడు.

“ఫీజు కోసరం బంద్ పెట్టి, వచ్చే ఫీజు పోగొట్టేది ఏం తెలివప్పా? నీ హాజరెంత?”

“నాది ఎనభై పైనే ఉండాది అవ్వా.”

“అందుకే నీకు పోరాటం సులువుగా ఉండాది. రా, ఈ జాబితా సూడు.”

అతను జాబితాను పైనుంచి కిందిదాకా చదివాడు. ఈ పేర్లు తనకు తెలియవన్నాడు. బంద్ ఆపడం తన చేతిలో లేదనీ, తన వాళ్లను పది దాకా గేటు బయటే ఉంచగలననీ, ఆ తరవాత బంద్ చేయించడానికి టౌన్ నుంచి బండ్ల మీద వచ్చేవాళ్లు తన మాట వినరనీ చెప్పాడు. పదింటికి మొదటి గంట కొడితే హాజరు ముగిసేసరికి పదీ పది అవుతుంది. అప్పటికి వాళ్లు లోపల ఉంటారు.

ఉపాయం నాకే తోచింది. ఎవరికీ చెప్పలేదు. మరునాడు పదికి పావుగంట ముందే మొదటి గంట కొట్టాను. కాలేజీలో గడియారాలు ఎన్ని ఉన్నా అందరూ నమ్మేది గంటనే. లెక్చరర్లు రిజిస్టర్లు తీసుకుని క్లాసులకు పోయారు, హాజరు తీశారు. కింద మొత్తం వేసి, ఎర్రసిరాతో గీత గీసి, రిజిస్టర్లు నాకు తిరిగి ఇచ్చారు. పని బాగా జరిగిందని వాటిని పేర్చుకుంటూ ఉండగా, పదికి అయిదు నిమిషాలు ఉందనగా, రెడ్డిరాణి ఇంకో ముగ్గురు పిల్లలతో గేట్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది.

“గంట కొట్టేసినారా అవ్వా? టైం కాలేదే?”

“హాస్టల్లో ఉండి ఇప్పుడా వచ్చేది?”

“హాస్టల్ యాడిది అవ్వా? మాయమ్మ లేవలేదు కదా, నేనే వండి పెట్టి బస్సుకు వస్తాండాను. నెలయింది.”

రిజిస్టరు తెరిచి చూశాను. ఆ పిల్ల గడిలో ‘ఏ’ అని ఉంది. ఎవరి కోసం గంట ముందు కొట్టానో ఆ పిల్లకే ఆబ్సెంట్ పడింది. గీత గీశాక తాను దిద్దకూడదనీ, ప్రిన్సిపాల్ గారి ఉత్తరువు కావాలనీ ఆ లెక్చరరు అన్నారు. ఆయన అన్నది రూలే. పది దాటగానే టౌన్ పిల్లలు వచ్చారు, రాయి తీసుకుని వాళ్లే లాంగ్ బెల్ కొట్టుకున్నారు, కాలేజీ ఖాళీ అయింది.

నేను ప్రిన్సిపాల్ గదికి పోయి, గంట ముందు కొట్టానని చెప్పాను. ఆయన కేకలు వేయలేదు. అరగంటలో మెమో ఇచ్చారు. జరిగిన తప్పుకు మూడు రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలని దాని సారాంశం.

ఆ సాయంత్రం బాషా మళ్లీ వచ్చాడు. మెమో సంగతి అప్పటికే అందరికీ తెలిసింది. “మేమే బెదిరించి కొట్టించినామని రాయి అవ్వా. నీ పింఛన్ జోలికి రారు. మామీద ఎట్లాగూ కేసులుండాయి, ఇదొకటి ఎక్కువ” అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ బెదిరింపు అని రాస్తే ఆ పొద్దున తీసిన హాజరంతా గొడవలో తీసినట్టు అవుతుంది. దాన్ని మొత్తం కొట్టేస్తారు. అప్పుడు రెడ్డిరాణితో పాటు జాబితాలో ఉన్న మిగతావాళ్లకూ ఆ దినం పోతుంది. అతనికి ఆ మాట చెప్పి పంపించి, వాడేసిన ప్రశ్నపత్రం వెనక చిత్తు రాసుకుని, ఆ తరవాతే తెల్లకాగితం మీద ఎక్కించాను. అయిదో తరగతి రాతే గానీ అర్థమయ్యేలా రాశాను:

‘మొదటి గంట పదింటికి కొట్టాలి. నేను పదికి పావుగంట ముందు కొట్టాను. ఎవరూ చెప్పలేదు, ఎవరూ బెదిరించలేదు. తప్పు నాది. పదిలోపు గేటు దాటిన పిల్లలు ఆలస్యంగా వచ్చినట్టు కాదని మనవి.’

ప్రిన్సిపాల్ గారు దాన్ని రెండుసార్లు చదివారు. టైంటేబుల్ ప్రకారం పదిలోపు వచ్చినవాళ్లకు హాజరు ఇవ్వవచ్చు, కానీ వచ్చారని చెప్పేవాళ్లు ఎవరని అడిగారు. నా మాట చెల్లదు, మెమో నామీదే ఉంది. క్లాస్ రిప్రజెంటేటివ్‌ను పిలిపించారు. తాను క్లాసులో ఉన్నాననీ, చూడలేదనీ ఆ పిల్ల చెప్పింది. అది నిజమే. గేటు దగ్గర ఉన్నది బాషా, అతని మనుషులు.

బాషాను పిలిస్తే, “నలుగురూ బస్సు దిగి వచ్చినారు సార్. అప్పుడు టైం తొమ్మిదీ యాభై నాలుగు. పది కోసరం ఫోన్ సూస్తానే ఉన్నాం” అన్నాడు. నువ్వు ఏ హోదాలో చెబుతున్నావని ప్రిన్సిపాల్ గారు అడిగారు. హోదా లేదు సార్, గేటుకు అడ్డం నిలబడినోణ్ణి అని జవాబిచ్చాడు. ఆయనకు నవ్వు వచ్చింది, ఆపుకున్నారు. ‘చూసిన విద్యార్థి’ అని రాయించి సంతకం పెట్టించుకున్నారు. బంద్‌లో ఉన్నట్టు తానే ఒప్పుకున్నాడు గనక ఆ రోజుకు అతనికి ఆబ్సెంట్ ఖాయమైంది. నలుగురి గడుల్లో దిద్ది, పక్కన ప్రిన్సిపాల్ గారు పొట్టి సంతకం చేశారు.

రెడ్డిరాణికి ఆ సెమిస్టరు డెబ్బై అయిదు సరిగ్గా నిండింది. ఫీజు చాలా ఆలస్యంగానే వచ్చింది, కానీ వచ్చింది. ఆ పిల్ల డిగ్రీ పూర్తి చేసింది. నా సర్వీసు రిజిస్టరులో ఒక మందలింపు ఎక్కింది. అది న్యాయమే, గంట నా సొంతం కాదు. తరవాతి బదిలీల్లో కుప్పం వేశారు, అక్కడే రిటైర్ అయ్యాను.

ఒకరి తరఫున పని చేసేవాళ్లు మొదట వాళ్లనే అడగాలని నాకు అప్పుడు తెలిసింది. పొద్దున యాడినుంచి వస్తావమ్మా అని నేను ఆ పిల్లను అడగలేదు. బంద్ పెడితే నీకేమవుతుందని బాషా అడగలేదు. అడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. అయినా మా ఇద్దరికీ తోచలేదు.