బెత్తాలు తీసేసిన బడి

కొత్త హెడ్‌మిస్ట్రెస్ వచ్చిన నెలలోనే బడిలో బెత్తాలన్నీ తీయించేసింది. "ఇక నెత్తికెక్కి కూర్చుంటారు, చూస్తూ ఉండండమ్మా," అన్నాడు లెక్కల మాస్టారు.

ఆయన మాటే నిజమయ్యేలా ఉంది. ఓ మధ్యాహ్నం మెట్ల దగ్గర పదో తరగతి పిల్ల ఒకతె తోటి పిల్లను గోడకు అదిమిపెట్టి, కంపాస్ మొనను మెడకు ఆనించింది. చుట్టూ పిల్లలు మూగారు. కేకలు విని వచ్చిన మాస్టారు ముందుకు ఉరకబోతే, వెంటే వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ చెయ్యి అడ్డం పెట్టింది. తనే వెళ్లి ఆ పిల్లకు ఎదురుగా కింది మెట్టు మీద కూర్చుంది.

"ఏం జరిగిందో నువ్వే చెప్పమ్మా."

"నా... నా మాట వినే ఓపిక ఎవరికుంది మేడం? నత్తిదాన్నని ఇది రోజూ న... నవ్విస్తోంది అందర్నీ!"

"నాకుంది. ఎంతసేపైనా వింటా. ముందు అది ఇటివ్వు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల వేళ్లు మెల్లగా సడలాయి. కంపాస్ తన చేతికి వచ్చాక హెడ్‌మిస్ట్రెస్ రెండో పిల్ల వైపు తిరిగింది.

"నువ్వూ కూర్చో. తను చెప్పేదంతా వినాలి. తర్వాత నీ మాటా వింటా. సాయంత్రం ఇద్దరి అమ్మానాన్నల్నీ పిలిపిస్తా."

మాస్టారు మిగతా పిల్లల్ని తరగతులకు పంపి, హెడ్‌మిస్ట్రెస్‌కు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. వణుకుతున్న చేతుల్లో గ్లాసు నిలవక, సగం నీళ్లు చీర మీదే ఒలికాయి.