పిలిస్తేనే పోయే ఆయమ్మ

మొన్న సోమవారం బడిలో ప్రార్థన అవుతుండగా జేబులో ఫోన్ మోగింది. ఆ వేళలో ఫోన్ ఎత్తకూడదన్న నిబంధన పెట్టింది నేనే. నాగమణి పేరు చూసి ఎత్తాను. "సార్, మన ఆయమ్మ తెల్లారంగ నిద్రలనే పోయింది" అన్నది. ఇప్పుడు నేను పనిచేస్తున్న తిరుమలాయపాలెం నుంచి ఆమె ఊరికి, దుమ్ముగూడెం వైపు బయలుదేరాను. దారంతా ఏడుపు రావాలి కదా, నిజం చెప్పాలంటే నవ్వే ఎక్కువ వచ్చింది. ఆమె జ్ఞాపకాలు అలాంటివి.

దుమ్ముగూడెం దగ్గర అడవి పక్కన ఉన్న ఒక చిన్న బడికి నేను హెడ్మాస్టరుగా వెళ్లిన ఏడాదే నాగమణి ఒకటో తరగతిలో చేరింది. పుట్టుకతోనే కాళ్లలో పట్టు లేదు. వాళ్ల నాన్న సైకిల్ మీద తెచ్చి దింపి, బాత్రూంకు తోల్కపోయే మనిషి లేకపోతే పిల్లను ఇంట్లోనే ఉంచుకుంటానన్నాడు. అలాంటి పిల్లలకు తోడుగా ఉండే ఆయా పోస్టును ప్రభుత్వం ఏడాదికోసారి మంజూరు చేస్తుంది. ఆ మంజూరు మీద వచ్చిన మనిషే మా ఆయమ్మ.

ఆమె బుగ్గన ఎప్పుడూ వేయించిన చింతగింజ ఒకటి ఉండేది. మొదటి వారంలోనే నాకూ ఆమెకూ పడలేదు. పాప గుమ్మం దగ్గర కూలబడి ఉంటే, ఈమె నాలుగడుగుల దూరంలో చేతులు కట్టుకుని చూస్తోంది. నేను గట్టిగానే కసిరాను. "ఎత్తుకునుడు అల్క సార్, ఆగుడే కష్టం. పిలిస్తె పోత" అన్నది. పాప పిలవలేదు. సగం పీరియడు పట్టింది కానీ గుమ్మం పట్టుకుని తనే లేచింది. అప్పుడు ఆయమ్మ నోట్లో గింజ పటుక్కుమంది. అంతసేపూ ఆమె దాన్ని కొరకలేదని నాకు తర్వాత తట్టింది.

అంతా బాగుండగా నా నోటి దూల కొంప ముంచింది. మూడో ఏడు, పోస్టు అవసరమో కాదో చూడటానికి జిల్లా నుంచి ఆఫీసరు గారు వచ్చారు. కాగితాలు చూసి పోయేవారే. నేను ఊరుకుంటేగా! మా పాప నడక చూడండంటూ నాగమణిని బోర్డు దాకా నడిపించాను. ఎనిమిది అడుగులు. బడంతా చప్పట్లు. ఆయనా చప్పట్లు కొట్టి, పాప నడుస్తోంది కనుక సహాయకురాలు అవసరం లేదని రాసుకుని వెళ్లారు. నెల తిరక్కుండా పోస్టు రద్దయింది. నాగమణి నాన్న వచ్చి పిల్ల పుస్తకాల సంచీ అడిగి తీసుకుపోయాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

మర్నాడు మామూలు వేళకే నాన్న సైకిల్ మీద పాప, వెనకే ఆయమ్మ వచ్చారు. ఇదేమిటని అడిగితే, "ఆర్డరు నాకొచ్చింది సార్, పిల్లకు రాలే కద" అన్నది.

జీతం లేకుండా ఆమె మాత్రం ఎన్నాళ్లు వస్తుంది? మళ్లీ చూడమని అర్జీ పెట్టాను. ఆఫీసరు గారు వచ్చే ముందురోజు ఆయమ్మకు ఒక ఉపాయం చెప్పాను: రేపొక్క పూట నాగమణి లేవకుండా కూర్చుంటే చాలు. ఆమె నామీద కోప్పడింది ఆ ఒక్కసారే.

"నేర్పిన నడక దాసిపెట్టమంటరా సార్? పిల్లను కూలేసి నేను నిలబడాల్నా? నాతోని కాదు. ఆ సార్‌నే పిల్ల ఎంబడి బాత్రూం దాక నడవమనుండ్రి."

ఆయన మంచివారు, నడిచారు. వరండా దాటితే రెండు మెట్లు, ఆపైన వాన బురద, పక్కన నాగమణి నాన్న కట్టిన వెదురు బొంగుల ఆసరా. పాప ఆగినప్పుడల్లా ఆయనా ఆగాలి. రెండో మెట్టు మీద పాప తూలితే గబుక్కున చెయ్యి చాచారు.

"జర ఆగుండ్రి సార్. పిలిస్తెనే పోవాలె" అన్నది ఆయమ్మ.

పాప బొంగు పట్టుకుని నిలదొక్కుకుంది. బురద చివర మాత్రం కాలు మడతపడి "ఆయమ్మా" అన్నది. ఆ పిలుపు పూర్తికాకముందే ఆయమ్మ చెయ్యి పాప నడుం కింద ఉంది. మా వెనకున్న మనిషి ఎప్పుడు ముందుకు పోయిందో మేమిద్దరం చూడలేదు.

ఆఫీసరు గారు బురద కాళ్లతోనే నా కుర్చీలో కూర్చుని, ఫారంలో చోటు చాలక అంచున రాశారు: "నడుస్తుంది. నడిచేటప్పుడు పక్కన మనిషి ఉండాలి." పోస్టు తిరిగి వచ్చింది. నాగమణి అయిదో తరగతి అక్కడే పూర్తి చేసింది, ఇప్పుడు ఖమ్మంలో డిగ్రీ చదువుతోంది.

ఆయమ్మ ఇంటి దగ్గర నాగమణి నా చేతిలో ఒక చింతగింజ పెట్టి, "ఆమె డబ్బాలదే సార్" అన్నది. బుగ్గన పెట్టుకున్నాను. సమాధుల దొడ్డికి వెళ్లే బాట ఎగుడుదిగుడు. అందరూ ముందే చేరారు, నాగమణి చేతికర్రతో వెనకబడింది. ఇద్దరు ముగ్గురు పట్టుకొద్దామని కదిలారు. పిలిస్తే పోదాం, ఆగండన్నాను. పాస్టరు గారు ప్రార్థన పుస్తకం మూసి, పేజీలో వేలు పెట్టుకుని నిలబడ్డారు. పెట్టె దించాల్సిన వాళ్లూ తాళ్లు పట్టుకుని నిలబడ్డారు. నాగమణి రెండుసార్లు ఆగింది, ఒకసారి తూలింది. ఎవర్నీ పిలవలేదు. గుంత దగ్గరికి వచ్చి, వంగి, గుప్పెడు మట్టి తీసుకుంది.

అప్పుడు నా నోట్లో గింజ పటుక్కుమంది.