బోరుబండికి చుక్కాని పట్టిన రోజు

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్ళలోకి వస్తున్న ఆ రోజుల్లో, మా పాన్‌గల్ వైపు సముద్రం చూసినవాళ్ళు తక్కువ. కాబట్టి చూసొచ్చినవాడు ఏం చెప్పినా చెల్లిపోయేది. నేను తూర్పు తీరంలో ఒక రేవులో పనిచేసేవాణ్ణి. పెద్ద ఓడ వస్తే రేవు పైలట్ చిన్న పడవలో ఎదురువెళ్ళి, ఓడ కదులుతుండగానే పక్కన వేలాడే తాళ్ళ నిచ్చెన పట్టుకుని పైకెక్కి, కెప్టెన్ పక్కన నిలబడి దాన్ని ఒడ్డుకు చేరుస్తాడు. నా పని ఆ చిన్న పడవలో తాడు పట్టుకోవడం, పైలట్ గారి సంచీ అందించడం. (ఊళ్ళో చెప్పేటప్పుడు తాడూ సంచీ ఎలాగో జారిపోయి, ఓడలు నేనే తెస్తున్నట్టు తేలేది.)

సెలవు మీద ఊరికొచ్చేసరికి మా మేనమామ పల్లిచేను వాడిపోతోంది. ఎన్నో రోజులు తిరిగితే ఒక బోరుబండి దొరికింది. ఆ ఒక్క రోజే మాది, మర్నాడు అది తిమ్మాజిపేటకు పోవాలి. చేనికి పోయే సందు చూసి తమిళ డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. మామ ఛాతీ విరుచుకున్నాడు. "మా అల్లుడు సముద్రంల ఊరంత ఓడలు తెస్తుండు. నీ బండొక లెక్కనా? అల్లుడా, జర నువ్వెక్కురా!"

ఎక్కాను. ఆగిన బండి ఎక్కడం పైలట్ హోదాకు తక్కువని అది కదిలేదాకా ఆగి మరీ ఎక్కాను. ఇస్త్రీ చొక్కా, చంకలో మడిచిన తువ్వాలు, మెట్టు మీద ఒంటికాలు. ఊరంతా చూస్తోంది. ఇక్కడ ఓడల సంగతి ఒకటి చెప్పాలి. చుక్కాని తిప్పిన చాలాసేపటికి గానీ ఓడ ముక్కు కదలదు. అందుకే మలుపు ఇంకా దూరంగా ఉండగానే పైలట్ ఆర్డరు వేస్తాడు. నేనూ అలాగే మలుపు రాకముందే గంభీరంగా చెయ్యి ఊపి "రైటు!" అన్నాను. బోరుబండికి ఓడల మర్యాద ఏం తెలుసు? తిప్పగానే తిరిగింది. సర్పంచ్ కొత్తగా కట్టించిన ప్రహరీ మీద "ఇంటింటికీ నీళ్ళు" అని తాటికాయంత అక్షరాలుండేవి. బండి సరిగ్గా "నీళ్ళు" లోంచి లోపలికి పోయింది.

సర్పంచ్ వచ్చాడు. "ఏమయ్యా ఓడల సారూ, కండ్లు నెత్తికెక్కినయా? గోడ సంగతి తర్వాత. ముందుగాల బండి నా చేన్లకు పోవాలె."

"జర నా చేను సూడుండ్రి సర్పంచ్ సాబ్, ఎండిపోతుంది" అని మామ చేతులు జోడించాడు.

"గోడ వడగొట్టినోళ్ళు గిట్ల మాట్లాడొద్దు" అని తీర్పైపోయింది. సాయంత్రానికి సర్పంచ్ చేన్లో నీళ్ళు ఎగజిమ్మాయి. గోడ మళ్ళీ లేచింది, అక్షరాలు ఇంకాస్త పెద్దవయ్యాయి. మామ పల్లిచేను మాత్రం ఎండిపోయింది. ఆయన నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఏడే మామ ఇంటికి తాళం వేసి కూలీల గుంపుతో మా రేవుకే మూటలు మోయడానికి వచ్చాడు. ఒకరోజు ఒడ్డున ఇద్దరం నిలబడి ఉండగా ఓడ వస్తోంది.

"ఇంకా తిరుగదేందిరా?"

"తిప్పినంక శానసేపటికి తిరుగుతది మామా."

ఆయన నన్ను చూశాడు, ఓడను చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. "గదా సంగతి! గా ముచ్చట గప్పుడే చెప్తే నిన్ను బండెక్కనిస్తుంటినా!" నేనూ నవ్వాను. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, సముద్రం వంక చూస్తూ మెల్లగా అన్నాడు: "గిన్ని నీళ్ళున్నయి గదరా ఈడ."

"ఉప్పువి మామా" అన్నాను.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. ఎవరైనా లారీ వెనక్కి తీస్తూ దారి చూపమంటే, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటూ పక్కకు తప్పుకుంటాను.