మూలుగ బొమిక చప్పుడు

మా అత్త ఇరవై ఏళ్ళకు పైగా ప్రతి ఆదివారం మటన్ వండింది, ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టకుండా. ఉప్పు చూడ్డానికైనా చుక్క పులుసు అరచేతిలో వేసుకున్నది లేదు. అయినా మా చుట్టాల్లో అంత బాగా మటన్ వండేవాళ్ళు ఇంకొకరు లేరని ఎవరి ముందైనా ఒట్టేసి చెబుతాను. నా ఒట్టుకు ఎంత విలువుంటుందో మాత్రం తెలీదు. నేనూ మాంసం తినను మరి.

అత్తది శ్రీకాకుళం వైపు. మావయ్య రైల్వేలో ఫిట్టరు కావడంతో పెళ్ళయిన నెలకే రాయ్‌పూర్ వచ్చేసింది. క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడతో కలిసి సత్సంగానికి వెళ్ళేది. వెళ్ళగా వెళ్ళగా ఒక రోజు మెడలో తులసి పూసల కంఠీ కట్టించుకుని ఇంటికొచ్చింది. ఇక్కడ కంఠీ కట్టించుకున్నారంటే మాంసం, చేప, గుడ్డు అన్నీ మానేసినట్టే. తన ఆదివారాలు ఏమైపోతాయోనని మావయ్య గుమ్మంలోనే డీలా పడిపోయారట. "తినొద్దన్నారు గానీ వొండొద్దన్లేదు గదా" అందట అత్త. ఆ ఒక్క మాట మీద వాళ్ళ సంసారం ఏ గొడవా లేకుండా నడిచిపోయింది.

నేను రాయ్‌పూర్ పక్కనే ఉన్న తిల్దాలో పెరిగాను. మా నాన్న బియ్యం మిల్లులో మెకానిక్. మా ఇంట్లో అందరూ శుభ్రంగా తినేవాళ్ళే, నాకే పడదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు. నీచు వాసన తగిలితే చిన్నప్పటి నుంచీ కడుపులో తిప్పుతుంది, అంతే. పెళ్ళిచూపుల్లో మా అమ్మ మాత్రం, పిల్ల తినదు గానీ బ్రహ్మాండంగా వండుతుందని బొంకేసింది. నేను తల వంచుకుని ఫలహారం పళ్ళేలు తీసి లోపలికి వెళ్ళిపోయాను.

2004లో కాపురానికి వచ్చాక మొదటి ఆదివారమే ఆ బొంకు బయటపడింది. మావయ్య నల్ల పాలిథిన్ సంచీ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టేసరికి నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పెరటి గుమ్మం దాకా పరుగెత్తాను. మా పుట్టింటివాళ్ళను అత్త ఏమంటుందోనని నా భయం. అత్త సంచీ తన వైపు లాక్కుని, "నువ్వా ఉల్లిపాయలు తరుగు, అయ్యేం కరవ్వు" అంది. ఆవిడ మీద నాకు ఇష్టం ఆ రోజే మొదలైంది. తర్వాత పదిహేడేళ్ళూ అది పెరగడమే గానీ తరగడం నేనెరగను.

మటన్‌కని ఆవిడ దగ్గర ఒక పాత సత్తు గిన్నె ఉండేది. ఎంతమంది చెప్పినా కుక్కరు ముట్టుకునేది కాదు. మూత బిగించేస్తే కూర తనతో ఎలా మాట్లాడుతుందనేది. కూర మాట్లాడేది వాసనతో. ముక్కలకు పసుపూ ఉప్పూ పట్టించి, వాటిలో ఊరిన నీరు ఇగిరే వరకు సన్నని సెగ మీద ఉంచేది. నీచు పోయిందని ముక్కు చెబితేనే అల్లం వెల్లుల్లి. ఆ పచ్చి వాసన పోతేనే ధనియాలు, గసగసాలు, కొబ్బరి నూరిన ముద్ద. ఉప్పు తక్కువైతే ఆవిరి చప్పగా వస్తుందని చెప్పేది. మొదట్లో నవ్వుకున్నాను. కానీ ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఉప్పు డబ్బా భోజనాల దగ్గరికి వెళ్ళడం నేను చూడలేదు.

ఆ ముక్కు గురించి ఇంకొక సంగతి చెప్పాలి. మా ఆయన ఉర్లాలో ఫ్యాబ్రికేషన్ పని చేసే చోట బస్తర్ మనిషి ఒకతను ఆకు దొన్నెలో ఎర్రచీమల పచ్చడి పంపించాడు. మా ఆయన దాన్ని బల్ల మీద పెట్టి చుట్టూ తిరుగుతున్నారు తప్ప ముట్టుకునే ధైర్యం చెయ్యడం లేదు. అత్త వంగి ఒకసారి వాసన చూసింది. చింతపండేసి రాగి చెంబు తోమినట్టుందనీ, మిరపకాయ ఎండుది కాదు పచ్చిదనీ, రాయి మీద నూరారు గానీ మిక్సీలో వెయ్యలేదనీ చెప్పింది. మా ఆయన వేలితో ఇంత నాకి, కళ్ళు మూసి తెరిచి, అమ్మ చెప్పింది అక్షరాలా నిజమన్నారు. మర్నాడు ఆ బస్తర్ మనిషిని అడిగితే రాతి మీదే నూరామన్నాడు.

మగవాళ్ళకు మటన్ అయితే మా ఇద్దరికీ రెండో పొయ్యి మీద ఇంకొక గిన్నె ఉండేది. దాని పేరు మన గిన్నె. పండగ పూట వాళ్ళకు మంచి కూరా మనకు నీళ్ళ పప్పా అని అత్త పంతం. అదే మసాలాతో పచ్చి పనసకాయ చేసేది. చేమాకులకు మినప్పిండి పూసి, చుట్టి, ఆవిరి మీద ఉడికించి, ఏటవాలుగా కోసి వేయించి పులుసులో వేసేది. ఇక్కడివాళ్ళు ఇడ్‌హర్ అంటారు దాన్ని. పళ్ళెంలో పెడితే అచ్చం చేప ముక్కలే. మావయ్య ఒకసారి మోసపోయి ముల్లు కోసం వెతుక్కున్నారు. సోయా బడీ, అదే మీల్‌మేకర్, మాత్రం ఆవిడకు గిట్టదు, ఎన్ని నీళ్ళు పిండినా తడి గోనె వాసన పోదని.

అన్నిటికంటే మా ఇద్దరికీ ప్రాణం బోడా. తొలకరి పడ్డాక సాల అడవుల్లో చెట్ల కింద నేల తవ్వి తీసే పుట్టగొడుగులవి. మట్టిలో దొర్లిన గోలీల్లా ఉంటాయి. చూస్తే తినబుద్ధి కాదు, ధర చూస్తే మటనే నయమనిపిస్తుంది. ఏడు నీళ్ళలో కడిగినా ఎక్కడో ఇసక తగులుతుంది. కానీ కొరికితే పై తొక్క పటుక్కుమని పగిలి లోపల వెన్న ముద్ద. మాంసం తినేవాళ్ళు ఏ సుఖం గురించి చెబుతారో అది నాకు బోడాతోనే కొంచెం అర్థమైంది.

మావయ్య నోటితో మెచ్చుకునే మనిషి కాదు. కూర కుదిరిందంటే భోజనం చివర మూలుగ బొమిక చేతిలోకి తీసుకుని స్టీలు కంచం అంచుకేసి టక్‌టక్‌మని కొట్టేవారు. లోపలి మూలుగంతా జారి పడేదాకా కొట్టి జుర్రుకునేవారు. కుదరకపోతే బొమిక జోలికే పోరు. ముందు గదిలోంచి ఆ చప్పుడు వినబడగానే వంటింట్లో అత్త మన గిన్నె మూత తీసి, ఇద్దరికీ వడ్డించి, తను అన్నం కలుపుకునేది. అది వినకుండా ఆవిడ ముద్ద ఎత్తేది కాదు.

2021 ఎండాకాలంలో ఇంట్లో అందరికీ జ్వరాలొచ్చాయి. అందరం లేచి తిరిగాం. అత్తకు ముక్కు మాత్రం పోయింది. పొయ్యి పక్కనే నిలబడి ఉండగా పాలు మాడి నల్లబడ్డాయి, ఆవిడకు తెలియనే లేదు. వాసన దానంతటదే తిరిగొస్తుందన్నాడు డాక్టరు. ఊళ్ళో అందరికీ వచ్చింది, ఈవిడకు రెండు నెలలైనా రాలేదు. రోజూ పొద్దున్నే కర్పూరం డబ్బా, ఇంగువ డబ్బా మూతలు తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది. మూత మళ్ళీ పెట్టేటప్పుడు ఆవిడ మొహం చూడలేక నేను ఏదో పని కల్పించుకుని పక్కకు పోయేదాన్ని.

మావయ్య పెద్దమనసుతో, ఇంక మటన్ వద్దు, సోయా తింటానన్నారు. అత్తకు అది తిట్టులాగే తగిలింది. ఆ ఆదివారం పట్టుబట్టి మటన్ తెప్పించి నన్ను పిలిచింది. నేను పక్కన నిలబడి ఏ వాసన వస్తోందో చెబితే చాలు, మిగతాది తన చెయ్యి చూసుకుంటుందంది. సరేనన్నాను.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. గిన్నె వేడెక్కి మొదటి ఆవిరి రాగానే నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆవిడ వెనకాల నిలబడి కొంగు అడ్డం పెట్టుకుని నోటితో ఊపిరి పీల్చాను. నీచు పోయిందా అని అడిగితే, ముక్కల రంగు మారడం చూసి పోయిందన్నాను. అల్లం పచ్చి పోయిందా అంటే పోయిందన్నాను. మసాలా వేగిందా అంటే వేగిందన్నాను. తిరిగి చూడలేదావిడ. నన్ను నమ్మింది.

ఆ రోజు ముందు గదిలోంచి చప్పుడు రాలేదు. మా ఆయన బాగుందమ్మా అన్నారు, అవసరమైన దానికంటే గట్టిగా. అత్త కంచాలు తీసుకొచ్చి, మావయ్య కంచంలో మూలుగ నిండుగా ఉన్న బొమికను చూస్తూ నిలబడింది. "నా సెయ్యి పోయింది" అంది. ఏడవలేదు. గిన్నె తోమి, తుడిచి, పాత గుడ్డలో చుట్టి నా చేత అటక మీద పెట్టించింది. ఆవిడ ఆ గిన్నె పైకి అందించినప్పుడైనా నేను నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. నాకు సిగ్గు, భయం, రెండూ.

మూడు ఆదివారాలు అలాగే గడిచాయి. మావయ్య సొరకాయ కూర కిక్కురుమనకుండా తిన్నారు. అత్త పొయ్యి దగ్గరికి రావడమే తగ్గించేసింది. కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరేది, లేని రాళ్ళు కూడా. ఒక మనిషి పనితనాన్ని నా చేతులతో అటకెక్కించానని రోజుకు పదిసార్లు అనుకునేదాన్ని. అనుకోవడానికేం, ఎవరైనా అనుకుంటారు.

నాలుగో ఆదివారం బజారుకు బోడా వచ్చింది. ఆవిడ మొహం విప్పారుతుందని గబగబా కొని తెచ్చాను. సంచీలోకి చూసి, "ఇంత మంచి సరుకు నా సేత్తో పాడు సెయ్యలేన్రా తల్లీ. నువ్వొండీ" అంది. తన గిన్నె పోయింది సరే, మన గిన్నె కూడా పోయిందని అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చేసింది. ఇద్దరం పెరట్లో కుళాయి కింద కూర్చుని మట్టి కడుగుతున్నాం. మూడో నీళ్ళు పోసేటప్పుడు చెప్పేశాను.

"అత్తా, ఆ రోజు నేను వాసన చూడలేదు. కొంగడ్డం పెట్టుకున్నాను. రంగు చూసి చెప్పేశాను, మూడుసార్లూ."

ఆవిడ చేతులు బేసిన్‌లో ఆగిపోయాయి. కుళాయి నీళ్ళు పొంగి మా కాళ్ళ మీదుగా పోతున్నాయి. తిడుతుందని ఎదురు చూశాను. తిట్టాలనే కోరుకున్నాను కూడా.

"అయితే నా సెయ్యి పోనేదన్నమాట" అంది.

అంతే అడిగింది. కాదత్తా, నీ చెయ్యి ఎక్కడికీ పోలేదు, నాదే తప్పన్నాను. తడి చెయ్యి తిప్పి మణికట్టుతో కళ్ళు ఒత్తుకుంది. నేను అబద్ధమాడానన్న సంగతి ఆవిడకు ఆ నిమిషంలో పట్టనే లేదు. నెల రోజులుగా ఆవిడ మోస్తున్నదేమిటో అప్పుడు నా కళ్ళకు కనబడింది. "ఇన్నాళ్ళూ ఏడిపించేసినావు గదే గుంటా" అని భుజం మీద ఒక్కటి వేసి, గిన్నె దించమంది.

మావయ్యను మటన్‌కు పంపాం. ఆయన కారణం అడక్కుండా చెప్పులేసుకుని వెళ్ళారు. ఈసారి నేను ఆవిడ పక్కన నిలబడ్డాను, కొంగు నడుముకు బిగించి. "ఏటొస్తంది?" అంది. తడి గొంగళి అన్నాను. ఆగమంది. ఇప్పుడో అంటే తుప్పు పట్టిన మేకు అన్నాను. ఇంకా నీరుంది, ఆగమంది. ఒకసారి పెరటి గుమ్మం దాకా పరుగెత్తి, నీళ్ళు పుక్కిలించి మళ్ళీ వచ్చాను. ఆవిడ గరిటె పట్టుకుని నా కోసం చూస్తోంది. చాలాసేపటికి ఆ మేకు పోయింది. దాని వెనకాల ఏదో తియ్యటి వాసన వచ్చింది, వేడి ఇసకలో పల్లీలు వేయిస్తున్నట్టు. ఆ మాట అనగానే అత్త అల్లం ముద్ద వేసింది. వాసన చూసే నాకేమో అదంతా ఒట్టి మాంసం వాసన, వాసన తెలియని ఆవిడకేమో అందులో ప్రతి మెట్టూ తెలుసు. అంత విద్యను ఒక గిన్నె ముందు ఇరవై ఏళ్ళు నిలబడి సంపాదించిందని తలుచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

మగవాళ్ళకు వడ్డించి వచ్చి, వంటింట్లో పీటల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. మధ్యలో మన గిన్నె, దాని నిండా బోడా. ఇద్దరి కంచాల్లోనూ అన్నం పొగలు కక్కుతోంది. అత్త మూత తియ్యలేదు. నేనూ తియ్యలేదు. ముందు గదిలో నీళ్ళు తాగిన చప్పుడు. ఫ్యాను చప్పుడు. గ్లాసు కింద పెట్టిన చప్పుడు.

టక్. టక్‌టక్.

అత్త మూత తీసి ముందు నా కంచంలో వేసింది. తర్వాత తన అన్నం కలుపుకుంది.